దొడ్డి గుమ్మాల దారి

మా వీధి చూడడానికి మొన్న నేను టిక్కెట్టు కొనుక్కున్నాను. తమ్ముడి మనవరాలి అన్నప్రాసనకి రాజమండ్రి వెళ్తే, ఆదివారం పొద్దున్నే పిల్లలందరూ తయారై ఎక్కడికో బయల్దేరుతున్నారు. ఏమిటని అడిగితే పాత ఊళ్ళో హెరిటేజ్ వాక్ అన్నారు. ఒకమ్మాయి రెండు గంటలపాటు సందులన్నీ తిప్పి చూపిస్తుందట, ఫోన్లో ముందే బుక్ చేసుకోవాలట. ఎక్కడెక్కడికి తీసుకెళ్తుందని అడిగాను. తమ్ముడి కోడలు ఫోన్లో చూసి చదివింది: గోదావరి గట్టు, కోటగుమ్మం, దాని వెనకాల పాత షావుకార్ల వీధి. ఆ షావుకార్ల వీధిలోనే నేను పుట్టాను. పెళ్ళై వెళ్ళేదాకా అక్కడే పెరిగాను. "నాకూ ఒకటి తీసుకోమ్మా" అన్నాను.

మమ్మల్ని తిప్పిన అమ్మాయి చలాకీ పిల్ల. చెంప పక్కన చిన్న మైకు పెట్టుకుని, మాకు వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూ ఎంతో శ్రద్ధగా చెప్పింది. ఏ ఇంటి స్తంభం ఎక్కడి చెక్కతో చేసిందో, ఏ షావుకారు ఏ దొరని విందుకి పిలిచాడో ఆమెకి కంఠతా వచ్చు. ఒక ఇంటి ముందు ఆగి, "ఇది ఒక బట్టల వ్యాపారి ఇల్లండి. ఇప్పుడు గోడౌను. ఈ ద్వారబంధం అంతా బర్మా టేకు, ఆ చిలకల చెక్కడం చూడండి" అంది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఆ బట్టల వ్యాపారి మా నాన్న అని నేను చెప్పలేదు. "వెనకవైపుకి వెళ్ళి చూడొచ్చా అమ్మా?" అని మాత్రం అడిగాను. "వెనక ఏమీ లేదండి, ముందు నుంచే చూడాలి" అంది, మర్యాదగానే. మిగతావాళ్ళు ముందుకి కదిలారు. నేను కాసేపు ఆ చిలకల కింద నిలబడిపోయాను.

ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు. ఇప్పుడు వెనక నిజంగానే ఏమీ లేదు, ఎవరి గోడ వాళ్ళు ఎత్తుగా కట్టేసుకున్నారు. కానీ నాకు పదిహేనేళ్ళప్పుడు, ఒక మాఘమాసపు మధ్యాహ్నం, మా కనకత్త ఇదే పేటని తొమ్మిదిమంది పైఊరి వాళ్ళకి వెనకవైపు నుంచి చూపించింది. ఆ నడకకి టిక్కెట్టు లేదు, మైకు లేదు. నా జీవితంలో నేను చూసిన ఊళ్ళన్నిటిలోకీ బాగా చూసింది ఆ పూట చూసిన ఊరే.

మాది మండువా ఇల్లు. వీధి వైపు రెండు అరుగులు, లోపల నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం. వానొస్తే ఆ మండువాలో ఇత్తడి గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టేవాళ్ళం. నాన్నకి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఉండేది. ఉప్పాడ నుంచి, పెద్దాపురం నుంచి నేతగాళ్ళు తెచ్చే చీరలు ముందు మా ఇంటికే వచ్చేవి. అందుకని ఇల్లంతా ఎప్పుడూ గంజి వాసన, కొత్త నూలు వాసన. వాటిని తోసుకుంటూ వంటింట్లోంచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాసన. నాన్న పొద్దున్నే స్నానం చేసి, కొట్టు తాళాలగుత్తి దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుని, సాంబ్రాణి పొగ ఇంకా ఇంట్లో తిరుగుతుండగానే గుమ్మం దాటేవారు. ఆ గుమ్మం దాటడం మా ఇంట్లో రోజూ జరిగే తంతు. అమ్మ ముందు వీధిలోకి తొంగి చూసి, మంచి శకునం చూసుకుని, "ఊఁ, రండి" అనాలి. అలా అనేముందు ఒకసారి ఇంట్లోకి కూడా చూసుకునేది, కనకత్త ఎక్కడుందో అని.

కనకత్త నాన్నకి పెద్దక్క. పదిహేడో ఏట భర్త పోతే తణుకు నుంచి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి. పొడుగాటి మనిషి, వెడల్పాటి చేతులు. ఉప్పాడ చీర మడత పెట్టడం ఆవిడ దగ్గరే చూడాలి. జరీ విరగకుండా, పోగు లాగకుండా, అరచేత్తో ఒక్కసారి నిమిరి పక్కన పెట్టేది. వంగపండు రంగు, మావిచిగురు, నెమలికంఠం అని ఒక్కొక్కదాని పేరూ చెప్పేది నాకు. తను కట్టుకునేది మాత్రం అంచు కూడా సరిగ్గా కనిపించని తెల్ల నేత చీర. మా ఇంట్లో ఎవరూ ఆవిడని ఒక్క మాట అనేవాళ్ళు కాదు. నాన్నకి అక్కయ్యంటే భయం, గౌరవం రెండూ ఉండేవి. ఏ పచ్చడి ఎంత పెట్టాలో, ఏ పండక్కి ఏం చెయ్యాలో ఆవిడ చెప్పిందే జరిగేది. కానీ పనిమీద బయటికి వెళ్ళే మనిషికి ఆవిడ ఎదురు రాకూడదు. వీధి గుమ్మం ఆవిడది కాదు. ఈ సంగతి ఎవరూ ఆవిడకి చెప్పగా నేను వినలేదు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆవిడ అలా నడుచుకునేది, మేమూ అలా చూస్తూ పెరిగాం.

అందుకని కనకత్త వెళ్ళాల్సిన చోటికల్లా దొడ్డిదారినే వెళ్ళేది. మా పెరట్లో తులసికోట వెనక గోడకి నడుం ఎత్తున చిన్న చెక్క తలుపు ఉండేది. అది తోస్తే పక్కింటి పెరడు. వాళ్ళ పెరటికి ఇంకో తలుపు. అలా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి గోదావరి దాకా వెళ్ళిపోవచ్చు. తెల్లారకుండా స్నానానికి ఆ దారే, గుడికి ఆ దారే, ఎవరింట్లోనైనా పురుడని కబురొస్తే ఆ దారే. నేను చిన్నప్పుడు ఆవిడ కొంగు పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. నాకది దొంగాటలాగా సరదాగా ఉండేది. ఎందుకిలా వెళ్తున్నామని నేనెప్పుడూ అడగలేదు. అడిగే వయసు వచ్చేసరికి అడగాలన్న సంగతే తోచలేదు.

ఇళ్ళ కట్టడం గురించి చదువుకునే పిల్లలు విశాఖపట్నం నుంచి వస్తున్నారని, మా పేటలో పాత ఇళ్ళు చూసి బొమ్మలు గీసుకుంటారని మా వీధి చివరింటి హెడ్మాస్టారు గారు నాన్నతో చెప్పారు. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఊరి చరిత్ర చెప్పాలంటే ఆయనే చెప్పాలి. "మధ్యాహ్నం భోజనాలు మా ఇంట్లో పెట్టుకుందాం లెండి" అన్నారు నాన్న. ఆ మాఘంలో ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదిమంది పిల్లలు, వాళ్ళ లెక్చరర్ సరోజిని గారు దిగారు. ఆవిడకి నలభై ఉంటాయేమో, నూలు చీర, మగవాళ్ళ చేతి గడియారం, భుజానికి గుడ్డ సంచీ. పిల్లల్లో ముగ్గురు ఆడపిల్లలున్నారు కాబట్టి నాన్న నన్ను కూడా తోడుగా వెళ్ళమన్నారు.

పొద్దుటి పూటంతా హెడ్మాస్టారు గారు చూపించారు. చూపించడమంటే ఒక్కొక్క ఇంటి ముందు అరగంట నిలబెట్టి ఆ వంశం గురించి చెప్పడం. ఎవరి ముత్తాత ఎక్కడినుంచి వచ్చి ఏ వ్యాపారం మొదలుపెట్టాడు, ఎవరి అరుగు మీద ఏ పంచాయితీ జరిగింది, అన్నీ చెప్పారు. ఎండ ఎక్కుతోంది. పిల్లలు తలుపుల కొలతలు, అరుగుల కొలతలు టేపులతో తీసుకుని రాసుకున్నారు. మూడు ఇళ్ళయ్యాక సరోజిని గారు అడిగారు.

"లోపల ఎలా ఉంటాయి మాస్టారూ?"

"లోపల ఆడవాళ్ళుంటారు కదండీ" అన్నారాయన.

"అందుకే అడుగుతున్నానండి. ఎక్కువసేపు ఉండేది వాళ్ళే కదా."

ఆయన నాలుగో ఇంటి వంశవృక్షం మొదలుపెట్టారు.

ఒంటిగంటకి అందరూ మా ఇంటికి చేరారు. పులిహోర, పనసపొట్టు కూర, ముక్కలపులుసు, గడ్డపెరుగు. వసారాలో వరసగా ఆకులు వేసి అమ్మా నేనూ వడ్డించాం. కనకత్త వంటింటి గుమ్మంలోనే ఉండి గిన్నెలు అందిస్తోంది. నాన్న కొట్టునుంచి వచ్చి భోంచేసి పడక గదిలో నడుం వాల్చారు. హెడ్మాస్టారు గారు, "నేను ఇంటికెళ్ళి ఒక కునుకు తీసి నాలుగింటికి వస్తానండి, మిగిలిన ఇళ్ళు అప్పుడు చూద్దాం" అని వెళ్ళారు. సరోజిని గారు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, చెంబు చేతిలోనే పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఆవిడ చూస్తున్నది గోడలో తలుపుని.

"అదెటు వెళ్తుందండి?" అని కనకత్తని అడిగారు.

"అటునుంచి గోదారికి వెళ్ళొచ్చమ్మా."

"వీధిలోకి రాకుండానా?"

"రాకుండానే."

"ఎన్ని ఇళ్ళమీదుగా వెళ్ళాలి?"

కనకత్త వేళ్ళమీద లెక్కపెట్టింది. "పదకొండు. గానుగవాళ్ళ పాకని కూడా ఇల్లనుకుంటే పన్నెండు."

"మాకు చూపిస్తారా?"

కనకత్త అమ్మ వైపు చూసింది. అమ్మ పమిట కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆయన లేచాక ఒక మాట చెప్పి వెళ్తే బాగుంటుందేమో వదినా" అంది. ఎప్పుడూ నాన్నకి ఒక మాట చెప్పకుండా కొత్త పనేదీ చెయ్యని కనకత్త, ఆ రోజు ఎందుకో కొంగు తలమీదికి లాక్కుని, "వాడు లేచేలోపు వచ్చేస్తాంలే సత్యం. వరం, పద" అంది. సత్యం మా అమ్మ. వరం అంటే నేను, వరలక్ష్మిని.

తలుపు చిన్నది. పొడుగాటి కుర్రాళ్ళు వంగి దూరారు. అవతల పెరట్లో ముందు కనిపించేది నుయ్యి. ఆ నుయ్యి సరిగ్గా గోడ కింద ఉంది. సగం మాది, సగం వాళ్ళది. గోడ నూతి మీదుగా కమానులాగా వెళ్ళిపోతుంది, ఎవరి వైపు గిలక వాళ్ళకుంది. "గిలక చప్పుడు విని ఎవరు తోడుతున్నారో చెప్పేదాన్నమ్మా" అంది కనకత్త. "వీళ్ళ పెద్దకోడలు లాగితే ఆగి ఆగి వస్తుంది. అత్తగారు లాగితే ఒక్క గుక్కలో వచ్చేస్తుంది. ఈ నూతి దగ్గర కుదిరిన సంబంధాలు నాకు తెలిసి నాలుగు." పిల్లలు నవ్వారు. ఒకబ్బాయి అప్పటికే పుస్తకం తెరిచి కమాను గీస్తున్నాడు. పొద్దుట నుంచి మూసుకుపోతున్న వాళ్ళ కళ్ళు అప్పుడు తెరుచుకోవడం నేను చూశాను.

తర్వాతి ఇంట్లో వంటింటి వెనక ఒక చీకటి గది. దానికి కింది వైపు మాత్రమే జానెడు కిటికీ. "ఇది పురిటి గది. చలిగాలి మొహాన తగలకుండా కిటికీ కిందికి పెట్టారు. బాలింత మంచం మీద పడుకునే పెరట్లో ఎవరొచ్చిందీ కాళ్ళు చూసి పోల్చుకోవచ్చు" అంది. ఈ గదిలో తన చేతులమీద ఎంతమంది పుట్టారో చెబుతూ ఆ ఇంటి ముసలావిడని సాక్ష్యానికి పిలిచింది. ఆ ముసలావిడ బోసినోటితో, "నీ చెయ్యి తగిలితేనే బిడ్డ బయటికొచ్చేదే కనకం" అంది. ఏ చెయ్యి పెళ్ళి పందిట్లో అక్షింతలు వెయ్యకూడదో ఆ చెయ్యే వీళ్ళందరినీ లోకంలోకి తెచ్చిందన్న మాట నాకు అప్పుడు తట్టలేదు, చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. సరోజిని గారికి అప్పుడే తట్టిందనుకుంటాను. ఆవిడ కనకత్త చేతుల వంకే చూస్తున్నారు.

గానుగవాళ్ళ పాకలో ఎద్దు కళ్ళకి గంతలు కట్టుకుని తిరుగుతోంది. నువ్వుల నూనె వాసన గుండెల్లోకి దిగిపోయేంత చిక్కగా ఉంది. అది దాటితే రెండు మిద్దెల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే సందు. ఆ సందు గోడమీద మోకాలి ఎత్తున ఒక గీత, నడుం ఎత్తున ఒకటి, తలకి పైన ఇంకొకటి, సుద్దతో కాదు, ఇనుప మేకుతో గీసినవి. గోదారి పొంగి పేటలోకి వచ్చినప్పుడల్లా నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఆడవాళ్ళు గుర్తు పెట్టుకున్నారట. "వరదప్పుడు మేడ ఎక్కినవాళ్ళు మగవాళ్ళు చెప్పిన లెక్కే నమ్మేవారు. మాకు మా గీత ఉండేది" అంది కనకత్త. పై గీత అందుకోవడానికి కుర్రాళ్ళు కూడా చెయ్యి ఎత్తాల్సి వచ్చింది.

ఏడో తలుపు తోసేసరికి ఎదురుగా ఒక వసారా, వసారాలో పడక్కుర్చీ, పడక్కుర్చీలో బనీనుతో హెడ్మాస్టారు గారు. మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నారు. చప్పుడుకి లేచి పేపరు తీసి చూసేసరికి తన పెరట్లో పదకొండుమంది. కండువా కోసం వెతుక్కున్నారు.

"ఎటునుంచి వచ్చారండీ మీరంతా?"

"ఈ తలుపులోంచి మాస్టారూ" అన్నారు సరోజిని గారు.

"ఈ తలుపు తెరుచుకుంటుందా?"

ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, "ముప్ఫై ఏళ్ళుగా తెరుచుకుంటోంది. కనకం రోజూ ఇటునుంచే వెళ్తుంది" అంది. హెడ్మాస్టారు గారు తన ఇంటి గోడని మొదటిసారి చూసినట్టు చూశారు. తర్వాత ఏమనుకున్నారో, కండువా భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. "పదండి, నేనూ చూస్తాను" అని మాతో నడిచారు. ఆ తర్వాత దారిపొడుగునా ఆయన ఒక్క వంశం గురించి కూడా చెప్పలేదు.

ఆఖరి తలుపు తీస్తే గోదారి. అక్కడ ఆడవాళ్ళు స్నానం చేసే నాలుగు మెట్లున్నాయి, పెద్ద రేవుకి దూరంగా, ఒక గోడ చాటున. నీళ్ళ మీద ఎండ మిలమిలా మెరుస్తోంది. దూరంగా లంకల దగ్గర ఒక పడవ కదలకుండా ఉంది. పిల్లలు మెట్లమీద కూలబడి నీళ్ళలో కాళ్ళు పెట్టారు. ముగ్గురు ఆడపిల్లల్లో ఒకమ్మాయి, చిన్నది, అమాయకంగా అడిగింది.

"వీధి తిన్నగా ఉంది కదా అత్తయ్యగారూ. ఇంత చుట్టు తిరిగి ఎందుకొస్తారు మీరు?"

నేను గబుక్కున అత్త మొహం వైపు చూశాను. కనకత్త మాత్రం మామూలుగానే చెప్పింది. "పనిమీద వెళ్ళేవాళ్ళకి నేను ఎదురు రాకూడదు కదమ్మా. అందుకని."

హెడ్మాస్టారు గారు గోదారి వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంతసేపూ వాళ్ళు ఆశ్చర్యపోతూ గీసుకున్న దారి ఎలా పడిందో వాళ్ళకి అప్పుడర్థమైంది. నాకు కూడా అప్పుడే అర్థమైంది. రోజూ కళ్ళెదురుగా ఉన్న సంగతిని ఎవరో పైఊరి పిల్ల అడిగితే తప్ప నేను వినలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది నాకు.

సరోజిని గారు మెట్టు మీంచి లేచారు. "సంచులన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయండి, తిరిగి వెళ్ళాలి. మేం వీధి దారిన వెళ్దామనుకుంటున్నాం. మీరు ఎటు వస్తే మేమూ అటే వస్తాం." ఆవిడ బలవంతపెట్టలేదు. గొంతులో జాలి కూడా లేదు. కనకత్త మెట్టుమీద కూర్చుని తడిసిన చీర అంచు పిండుకుంది. పిండిందే పిండుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వీధి దారి నాకు సరిగ్గా గుర్తులేదే వరం. నువ్వు ముందు నడు."

అలా పేట అంతా చూపించిన మనిషికి వీధి నేను చూపించాను. మూడున్నర నాలుగు మధ్య, నిండు ఎండలో, కోటగుమ్మం వైపు నుంచి మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చాం. అరుగుల మీద మగవాళ్ళు చదరంగం ఆపి చూశారు. కనకత్త వాళ్ళని చూడలేదు, ఇళ్ళని చూసింది. ఏ ఇంటి వెనక ఏ చెట్టుందో తెలిసిన మనిషి ఆ ఇంటి ముందు నిలబడి, "ఇదెవరిల్లే?" అని అడిగేది. "నూతి ఇల్లత్తా." "ఇదా? వెనకనుంచి చూస్తే ఇంత గొప్పిల్లనిపించదే." ఇంకో ఇంటి ముందు ఆగి, "వీళ్ళకి ముందు నందివర్ధనం ఉందా? పువ్వులు లేవని రోజూ నా దగ్గర పట్టుకెళ్తుంది ఆవిడ" అని చిన్నగా నవ్వింది. హెడ్మాస్టారు గారి ఇల్లు వస్తే ఆయనే చెప్పారు, "ఇది మాదమ్మా" అని, కొత్తగా వచ్చిన చుట్టాలకి చెప్పినట్టు.

మా ఇంటికి పది గజాల దూరంలో ఉండగా నాన్న గుమ్మంలోకి వచ్చారు. సాయంత్రం బేరాల వేళ. పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు కిటకిటలాడుతుంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేత్తో పంచె అంచు. ఒక కాలు గడప దాటింది. ఎదురుగా, తలమీద కొంగుతో, నడివీధిలో కనకత్త. ఎప్పుడైనా ఇంట్లో పొరపాటున ఆవిడ ఎదురైతే నాన్న ఏమీ అనేవారు కాదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి వెళ్ళేవారు. కనకత్త ఆ కాసేపూ పెరట్లో తులసికోట వెనక నిలబడేది. ఆ రోజు కూడా అమ్మ అప్పటికే లోపల్నుంచి మరచెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చేసింది. వీధి వీధంతా నాన్న కాలు ఎటు కదులుతుందా అని చూస్తోంది. కనకత్త ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

నాన్న రెండో కాలు కూడా గడప దాటించారు. మెట్లు దిగి వచ్చారు.

"ఎండలో ఎక్కడికెళ్ళావక్కయ్యా?"

"వీళ్ళకి ఊరు చూపించానురా."

"అంతా చూపించావా?"

"నాకు తెలిసిందంతా చూపించాను."

నాన్న సరోజిని గారికి నమస్కారం పెట్టారు. "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండి" అన్నారు. తర్వాత కనకత్తకి దారి ఇస్తున్నట్టు మెట్టు పక్కకి జరిగి, "నువ్వెళ్ళి కూర్చో, అలిసిపోయుంటావు" అని గొడుగు విప్పుకుని మెయిన్ రోడ్డు వైపు వెళ్ళిపోయారు. వెనక్కి చూడలేదు. అమ్మ చేతిలో చెంబు అలాగే ఉంది. నేను తీసుకుని కనకత్తకిచ్చాను. ఆవిడ చిలకల ద్వారబంధం కింద నిలబడి, ఎత్తిపట్టుకుని గటగటా తాగింది.

కొట్టు మూసి నాన్న ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది, "బేరాలెలా ఉన్నాయండీ?" అని. ఎప్పుడూ అడిగే మాటే, కానీ ఆ రోజు ఆ మాటకోసం మేమంతా చెవులు రిక్కించుకుని ఉన్నాం. నాన్న పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "రోజూలాగే" అన్నారు.

మర్నాటికి మా ఇంట్లో అంతా మారిపోయిందని రాయడానికి లేదు. మర్నాడు కూడా కనకత్త తెల్లారకుండా తులసికోట వెనక తలుపు తీసుకునే స్నానానికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళ కాళ్ళు అవి. కానీ అప్పుడప్పుడూ, కూరగాయల బండి వస్తే, వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడి బేరం చేసేది. నాన్న గడప దాటేముందు అమ్మ ఇంట్లోకి చూసుకోవడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా నాకు గుర్తులేదు. సరోజిని గారు ప్రతి ఏడూ చలికాలంలో కొత్త పిల్లల్ని తీసుకొచ్చేవారు. హెడ్మాస్టారు గారు ముందు చూపించేవారు, కనకత్త వెనక చూపించేది. ఆయన తన వంతు త్వరగా ముగించి మా వెంట వచ్చేసేవారు.

ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఒక ఇంట్లో అన్నదమ్ములు పంచుకుని పెరటికి అడ్డంగా గోడ కట్టారు. నూతిలో సగం ఎండిపోతే రెండో సగం వాళ్ళు పూడ్చేశారు. గానుగ స్థానంలో పిండిమర వచ్చింది. పురిటి గదులు సామాన్ల గదులయ్యాయి, పురుళ్ళు నర్సింగ్ హోములకి వెళ్ళాయి. మొన్న ఆ అమ్మాయి వెంట నడుస్తూ చూశాను. వీధి నిండా ఆడవాళ్ళే, స్కూటర్ల మీద, ఫోన్లు చెవిన పెట్టుకుని, ఎవరికి ఎదురొస్తున్నామా అన్న ధ్యాస లేకుండా. చూస్తుంటే కడుపు నిండింది. ఆ ఇళ్ళలో ఎవరికీ పక్కింటి వంటిల్లు ఎటువైపుందో తెలియదట. ఆ తలుపులు పోయాయే అని బెంగపడదామనుకుంటాను. వెంటనే అవి ఎవరికోసం, ఎందుకు తెరుచుకునేవో గుర్తొస్తుంది. ఆ దారి మళ్ళీ కావాలని నేను అనుకోను. కానీ ఆ దారిన నడిచిన మనిషి మళ్ళీ ఒక్క పూట కనిపిస్తే ఎంత బాగుండునో అనుకుంటాను. రెండూ నిజాలే, వాటిని ఒక దగ్గరకి చేర్చడం నా వల్ల కావడం లేదు.

మొదటిసారి వచ్చిన ఆ పిల్లలు వెళ్ళిన మూడు నెలలకి, వేసవి సెలవుల్లో, పోస్టులో పొడుగాటి అట్టగొట్టం ఒకటి వచ్చింది. విప్పితే మా పేట పటం. నల్ల సిరాతో ప్రతి పెరడూ, ప్రతి నుయ్యీ, గోడమీది గీతలతో సహా గీశారు. మా తులసికోట దగ్గర మొదలై గోదారి మెట్లదాకా ఎర్ర చుక్కల గీత. అడుగున, "దారి చూపినవారు: శ్రీమతి కనకమ్మ గారు" అని రాసి ఉంది. వసారాలో నేలమీద పరిచి నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టాం. కనకత్త కళ్ళజోడు పెట్టుకుని ఆ అడుగు వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది.

"శ్రీమతి అని రాశారేంటే. సరోజిని గారికి తెలుసు కదా."

"తెలిసే రాశారేమో అత్తా."

ఆవిడ ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి మా పెరట్లోంచి బయల్దేరింది. నూతి దగ్గర ఆగి, పురిటి గది దగ్గర ఆగి, హెడ్మాస్టారు గారి వసారా దగ్గర నవ్వుకుని, మెట్లదాకా వెళ్ళింది. అక్కడ చుక్కలు ఆగిపోయాయి. తిరిగొచ్చిన వీధి అందరికీ తెలిసిన వీధే కాబట్టి పిల్లలు దాన్ని గియ్యలేదు. వేలు నీళ్ళ దగ్గరే పెట్టి కనకత్త కాసేపు చూసింది.

"నీ ఎర్ర పెన్సిలు ఇలా ఇయ్యి" అంది.

ఇచ్చాను. ఆవిడ పటం మీదికి వంగి, నాలుక పంటికింద పెట్టుకుని, మెట్ల దగ్గర్నుంచి కోటగుమ్మం మలుపు దాకా, అక్కణ్ణుంచి నడివీధిన, ఒక్కొక్క ఇంటిముందుగా ఒక్కొక్క చుక్క పెట్టుకుంటూ మా వీధి గుమ్మం దాకా వచ్చింది.